కాకి ముట్టని వంటలు

మా మేనత్త పోయింది. శ్రావణంలో ఒక పొద్దున నేను అనంతపురంలో ఆఫీసుకు బయల్దేరుతుంటే నాయన ఫోన్ చేసి చెప్పాడు. "మీ అత్త పోయ పాపా. కసువు కొట్టి, వాకిట్లో నీళ్ళు చల్లి, కట్ట మీద కూసున్యాదంట. అట్లే పోయినాది." నాయన గొంతులో ఏడుపు వినబడలేదు. అదే గొంతుతో, "ఆయమ్మ చేతికి గాజులు ఉంచల్నా, తియ్యల్నా అని ఈడ ఆడోళ్ళు కొట్లాడుకుంటాండారు. నువ్వు జల్దీ రా" అన్నాడు.

మనిషి ఇంకా చల్లబడను కూడా లేదు, అప్పుడే గాజుల గొడవ. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ గొడవ ఆ పూట పుట్టింది కాదు. మా అత్త సగం జీవితం ఆ గాజుల చుట్టూనే తిరిగింది. ఆమె వండిన దేశదేశాల వంటలూ వాటి కోసమే. ఆమెను తలుచుకోవాలంటే ఆ వంటల సంగతి చెప్పక తప్పదు.

విడపనకల్లు దాటి ఇంకా లోపలికి పోతే వస్తుంది మా ఊరు. చుట్టూ గుట్టల మీద గాలిమరలు తిరుగుతూ ఉంటాయి. వానను నమ్ముకున్నవాడు బాగుపడినట్టు మా ఊళ్ళో ఎవరూ చెప్పుకోరు. అత్త భర్త, అంటే మా మామ, పెళ్ళయిన కొత్తలో చేలో బోరు మీద బోరు వేయించి, దేంట్లోనూ నీళ్ళు పడక, విసిగిపోయి బొంబాయి చేరాడు. అక్కడి నుంచి సరుకుల ఓడలో వంటవాడిగా ఎక్కాడు. "నీళ్ళు ల్యాని ఊర్లో పుట్టి నీళ్ళ మీద బతికినోడు మీ మామ" అనేది అత్త.

సెలవుకు వచ్చినప్పుడు మామ చీరలో, సెంటు సీసాలో తెచ్చేవాడు కాదు. వంటల కబుర్లు తెచ్చేవాడు. వాకిట్లో అరుగు కట్ట మీద కూర్చుని, గ్రీసు దేశంలో వంకాయ ముక్కలను ఎలా పరుస్తారో, మధ్యలో ఖీమా ఎలా సర్దుతారో, పైన మైదా కలిపిన పాలు పోసి ఎలా కాలుస్తారో చేతులతో పేర్చి చూపించేవాడు. స్పెయిన్‌లో వెడల్పాటి పెనంలో అన్నం వండి, అడుగంటేదాకా కదపరని, ఆ మాడు కోసం పెద్దవాళ్ళు కూడా వాదులాడుకుంటారని చెప్పేవాడు. ఈజిప్టులో అన్నమూ పప్పూ సేమ్యాలాంటి ముక్కలూ అన్నీ ఒకే పళ్ళెంలో కలిపి, పైన వేయించిన ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, చల్లుతారంటే అత్త కడుపు పట్టుకుని నవ్వేది. "పెండ్లింట్లో మిగిలినవన్నీ కలిపి పెట్టినట్లుండాదే" అనేది.

ఒకసారి వెళ్ళిన మామ తిరిగి రాలేదు. ఏదో రేవులో ఓడ దిగాడనీ, మళ్ళీ ఎక్కలేదనీ కబురు వచ్చింది. ఏ రేవని అడిగితే మొదట ఒక పేరు చెప్పారు, తర్వాత ఇంకో పేరు చెప్పారు, ఆ తర్వాత చెప్పడమే మానేశారు. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. వాళ్ళకు పిల్లలు లేరు. అత్త ఒక్కతే ఆ రాతి మిద్దెలో ఉండిపోయింది. ఆమె బొట్టూ గాజులూ తాళీ కూడా ఆమెతోనే ఉండిపోయాయి.

ఏళ్ళు గడిచేకొద్దీ ఊరు ఊరికే ఉంటుందా? పెళ్ళికి పిలిస్తే ఆమె చేత పసుపు కుంకుమ ఇప్పించాలా వద్దా అని గుసగుసలు. పిలవకపోతే ఎందుకు పిలవలేదని ఇంకో రకం గుసగుసలు. చివరికి ఆమె సొంత అన్న, మా నాయనే, ఒక దారి చెప్పాడు. భాద్రపదంలో వచ్చే పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్ళ పేరున వండి, ఆకులో వడ్డించి, గోడ మీద పెట్టి కాకులను పిలవడం మా వైపు ఆచారం. కాకి ముడితే పోయినవాళ్ళు వచ్చి తిన్నట్టే. "బావ పేరుతో ఒక ఆకు పెడదాం మ్మా. కాకి ముట్టిందనుకో, ఆయప్ప ల్యానట్లే. నువ్వు గాజులు తీసేయల్ల. ముట్టలేదా, ఇంక ఎవురూ నిన్ను ఏమీ అనకూడదు" అన్నాడు నాయన.

అత్త సరేనంది. కాకపోతే ఒక మెలిక పెట్టింది. "అన్నా, ఆయప్ప పోయింటే ఈడ పోలేదు గదా. ఏ దేశంలోనో పోయింటాడు. ఆడి కూడు తిని తిని నోరు దానికే అలవాటై ఉంటాది. మన కూడుకు యాడొస్తాడు? యా దేశమో తెలీదు కాబట్టి ఏడాదికొక దేశం వంట చేసి పెడతా. యా దేశం కూడు కాకి ముడితే, ఆ దేశంలో పోయినాడని తెలుస్తాది." నాయన ఒప్పుకున్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది మరి.

అలా మొదలైంది మా ఇంట్లో ప్రపంచ వంటల పండుగ. ప్రతి ఏడూ నేను ముందురోజే ఊరికి చేరేదాన్ని. ఫోన్లో వంట వెతికి, తెలుగులో చెప్పడం నా పని. మిగతాదంతా అత్తదే. కాల్చే పెట్టె లేదు కాబట్టి పెద్ద డేగిసాలో ఇసుక పోసి, పొయ్యి మీద ఎక్కించి, లోపల గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పోసేది. చీజు కావాలంటే పాలు విరగ్గొట్టి గుడ్డలో మూటకట్టి పైన రాయి పెట్టేది. పుల్లటి ఆలివ్ కాయలకు బదులు వాక్కాయలు వేసేది. ఒక ఏడు ఇటలీ వాళ్ళ లజానియా చేయాలని మైదా పిండిని పలుచగా వత్తి, మంచం మీద తెల్ల పంచె పరిచి ఆరబెడితే, చూసినవాళ్ళు వడియాలనుకున్నారు. వేరుశెనగలను మేము శెనిక్కాయలంటాం. మా జిల్లాలో ఆ నూనె లేని పొయ్యి ఉండదు. ఆ ఒక్క రోజు మాత్రం అత్త ఆ సీసాను వంటింట్లోకి రానిచ్చేది కాదు. పరాయి దేశం వంటకు మన నూనె కుదరదేమోలే అనుకునేదాన్ని.

పెద్దలకు పెట్టే వంటను ముందుగా రుచి చూడకూడదు, ఎంగిలి అవుతుంది. కాకి ముట్టాకే ఇంట్లోవాళ్ళు తినాలి. అందుకని అత్త ఎప్పుడూ తినని వంటలను, రుచి చూడకుండా వండాల్సి వచ్చేది. ఉప్పు వేసే సమయం వచ్చినప్పుడు ఆమె చేసే పని ఒకటుంది. ఉప్పు గిన్నె చేతిలో పట్టుకుని, వాకిలి వైపు తిరిగి, మామూలు గొంతుతో, "సాలునా?" అని అడిగేది. అడిగి ఊరుకునేది. కొన్నిసార్లు తల ఊపి గిన్నె పక్కన పెట్టేది, కొన్నిసార్లు ఇంకొంచెం వేసేది. వాకిట్లో ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు.

"ఎవర్ని అడుగుతాండావు అత్తా?" అని మొదటి ఏడు అడిగాను.

"ఉప్పు వేసేటప్పుడు ఎవుర్నో ఒకర్ని అడగల్ల పాపా. ఒంటిగా వేసిన ఉప్పు కుదరదు" అంది. నేను మళ్ళీ అడగలేదు, ఎవరిని అడుగుతోందో తెలుసుకునే ధైర్యం లేక.

పొద్దు నడినెత్తికి వచ్చాక పెరట్లో గోడ మీద ఆకు పెట్టేది. అమావాస్య నాడు ఊళ్ళో ప్రతి మిద్దె మీదా ఇదే పని. నాలుగు వైపులా కావ్ కావ్ అని పిలుపులు, రెక్కల చప్పుళ్ళు. మా అత్త మాత్రం పక్కన నిలబడ్డ నాకు కూడా వినబడనంత చిన్నగా పిలిచేది. అయినా కాకులు వచ్చేవి. వచ్చి గోడకు ఆ చివర వరుసగా కూర్చునేవి. అరిచేవి కావు. ఆకు వైపు చూసేవి, అత్త వైపు చూసేవి. పక్కింటి గోడ మీద వడలు, పాయసం దొరుకుతుంటే ఇక్కడెందుకు కూర్చున్నాయో నాకు అర్థమయ్యేది కాదు. చాలాసేపు అలా కూర్చుని, ఎవరో పొమ్మన్నట్టు ఒక్కసారిగా లేచిపోయేవి. ఆకులోని వంట మీద ఎండకు పొర కట్టేది.

కాకి ముట్టని కూడు మనుషులు తినకూడదు. సాయంత్రం అత్త దాన్నంతా తీసుకుపోయి చేలో గుంత తీసి పూడ్చేది. అన్ని దేశాల వంటలు ఆ ఇంట్లో తయారయ్యాయి కదా, వాటిలో ఒక్కదాని రుచి కూడా మాలో ఎవరికీ తెలియదు. వాసన మాత్రమే తెలుసు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, మా అత్త పొరుగు దేశాల కూరల రుచి మట్టికే తెలియాలి. వాటిని పూడ్చిన చోట ఏ విత్తనమూ మొలవదని కూలివాళ్ళు చెప్పుకునేవారు. నేను పోయి చూశాను. నిజంగానే మొలవలేదు. వానలు లేకనేమో, మిగతా చేను మాత్రం ఏం మొలిచిందని?

ఊళ్ళో కొందరు ఆ ఇంటి ముందు నుంచి నడవడం మానేశారు. "దేశం కాని దేశం దయ్యాలకు కూడు పెడతాండాది" అన్నారు. అత్త పట్టించుకోలేదు. పూడ్చి వచ్చి కాళ్ళు కడుక్కుని, మజ్జిగన్నం కలుపుకుని, నాకొక ముద్ద పెట్టి, "ఈ దేశంలో గూడా ల్యాడు" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో నిరాశ ఉంటుందని నేను ఎదురుచూసేదాన్ని. ఉండేది కాదు. ఆకలి బాగా వేసినదానిలా తినేది.

కొన్నేళ్ళ కిందట ఆఫ్రికాలో ఘనా దేశం వంతు వచ్చింది. ఆ వంట ఎంచింది నేనే. ఫోన్లో ఒక్కో అంచె చదివి చెబుతున్నాను. కోడిమాంసం ఉడకబెట్టాలి, టమోటాలు మగ్గించాలి, శెనిక్కాయలు వేయించి మెత్తగా నూరి కలపాలి. అత్త రోలు దగ్గర ఆగింది. "ఆ దేశంలో గూడా శెనిక్కాయలు పండుతాయా?" అంది. పండుతాయని చదివాను. అనుమానంగానే నూరింది. దానితో పాటు ఏదో గడ్డను దంచి ముద్దలు చేస్తారట. ఆ గడ్డ గుంతకల్లు మార్కెట్లో కూడా దొరకలేదు. ఏ పిండైనా ఫరవాలేదని రాసి ఉంది. ఇంట్లో ఉన్నది రాగిపిండి. మరిగే నీళ్ళలో పోసి కెలికి, తడి చేత్తో గుండ్రంగా ముద్దలు చేసింది.

ఉప్పు గిన్నె పట్టుకుని వాకిలి వైపు తిరిగింది. "సాలునా?" అని ఇంకా అడగనే లేదు, గభాలున తల పక్కకు తిప్పింది, ఎవరో ముందే జవాబు చెప్పినట్టు. నేనూ చూశాను. ఎవరూ లేరు. గాలి లేదు. వాకిలికి కట్టిన తెర మాత్రం అప్పుడే ఎవరో వదిలినట్టు మెల్లగా సర్దుకుంటోంది.

ఆకులో వడ్డించి గోడ మీద పెట్టాక గానీ ఇద్దరికీ తట్టలేదు. ఎదురుగా ఉన్నది ఘనా వంట కాదు. రాగి సంగటి, శెనిక్కాయలు నూరి పోసిన కోడికూర. మా మామ ఓడ దిగి ఇంటికి వచ్చిన ప్రతిసారీ, కాళ్ళు కడుక్కోకముందే అడిగే కూడు. ఏ దేశం చుట్టి వచ్చామో గానీ, ఆయన ముద్ద దగ్గరికే వచ్చి నిలబడ్డాం.

అత్త కాకులను పిలవలేదు. పిలవాల్సిన అవసరం రాలేదు. వరుసలో కూర్చున్న వాటిలో ఒకటి, పెద్దది, మెడ దగ్గర బూడిదరంగు తిరిగినది, గోడ మీద నడుచుకుంటూ వచ్చింది. మనుషులను చూసి బెదరలేదు. తన ఇంటికి తాను వచ్చినట్టు వచ్చింది. ఆకు అంచు దగ్గర ఆగి, అత్త ముఖంలోకి చూసి, ముక్కు వంచింది.

ఎంగిలి చేత్తో కాకిని తోలరు అని పిసినారులను ఎగతాళి చేస్తాం. పెట్టే చేతికి మా అత్తను మించినవాళ్ళు మా ఇంటావంటా లేరు. ఆ రోజు ఆమె కొంగు విదిలించి, రెండు చేతులూ ఎత్తి, గొంతు చినిగిపోయేలా "ఛీ పో! పో!" అని అరిచి ఆ కాకిని తోలింది. అది లేచి, మళ్ళీ వాలబోయింది. అత్త ఆకునే లాగి నేల మీద పడేసి, దాని మీద అడ్డంగా కూలబడింది. చీరంతా కూర అయింది. కాకి మా తలల మీద ఒక చుట్టు తిరిగి, గాలిమరల వైపు పోయింది.

నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆమె మామను వెతకలేదు. కాకి రాకుండా కాపలా కాసింది. ఆయన నోటికి ఏది ఎక్కదో వెతికి వెతికి, ఏడాదికొకటి వండి పెట్టింది. కాకి ముట్టని ప్రతి ఏడూ మామ ఇంకో ఏడు బతికాడు. నాకు ఏడుపు ఆగలేదు. అత్త లేచి, గాజులు చెక్కుచెదరలేదు కదా అని చూసుకుని, "నీళ్ళు తోడు పాపా, చీర జాడించల్ల" అంది. ఆ విషయం మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మరుసటి ఏడు ఏ దేశమైనా సరేగానీ శెనిక్కాయలు లేని దేశం చూడమంది.

అందుకే, ఆమె పోయిన రోజు నేను ఊరికి చేరేసరికి గాజుల గొడవ ఇంకా తెగకపోతే, నాయనను పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాకి ఒకసారి వచ్చిందనీ, ముక్కు వంచిందనీ, అత్తే తోలిందనీ. కాకి ముడితే గాజులు తీయాలని షరతు పెట్టింది ఆయనే. అయినా నేరుగా ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళి, "ఎవురూ చెయ్యి ఎయ్యొద్దండి. మా చెల్లెలు ముత్తైదువ. ముత్తైదువగానే పోతాది" అన్నాడు. నిండుగా పసుపు పూసి, కొత్త గాజులు కూడా తొడిగి సాగనంపాం.

కర్మ చేసే పెద్ద దినం నాడు ఆమెకు ఇష్టమైనవి వండమన్నారు. ప్రపంచాన్నంతా వండిన మనిషికి ఏమిష్టమో మాలో ఒక్కరికీ తెలియలేదు. నాయన మజ్జిగన్నం కలిపి ఆకులో పెట్టాడు. ఆయన చెయ్యి తీయకముందే కాకులు దిగాయి. ఒకటి కాదు, ఏళ్ళ తరబడి గోడ మీద కూర్చుని చూసినవన్నీ దిగినట్టున్నాయి. ఒక్క అరుపు లేదు. మెతుకు మిగలకుండా తిని, ఆకు తిరగేసి పోయాయి. అప్పుడు ఏడ్చాడు నాయన, పెద్దగా. పక్కనే ఉన్న మామ దాయాది ఒకాయన, "ఈ పొద్దే వాని పేరుతో గూడా ఒక ఆకు పెట్టేస్తే అయిపోతాది గదప్పా" అన్నాడు. "ఈ పొద్దు కాదు" అన్నాడు నాయన.

పెద్దల అమావాస్య దగ్గర పడ్డాక నాయన ఫోన్ చేశాడు. వాన పడలేదన్నాడు, బర్రె ఈనిందన్నాడు. ఫోన్ పెట్టేస్తాడనుకుంటుంటే, "పాపా, ఈసారి యా దేశం?" అన్నాడు.

"అత్తే ల్యాదు గదా నాయనా. ఇంకెవురికోసం?"

"మనం పెట్టకపోతే దాయాదులు పెడతారంట. సంగటీ కోడికూరా చేసి." అన్నాడు నాయన. "ఆయమ్మను ముత్తైదువగా పంపిస్తిమి పాపా. కాకి వచ్చి ఆయప్ప ల్యాడని చెప్పినాదనుకో, మనం పంపించింది అబద్ధమైపోతాది. ఆయమ్మ ఉన్నెప్పుడు ఆయమ్మ సూసుకున్యాది. ఇంక మనమే సూసుకోవల్ల."

నేను ఇథియోపియా వాళ్ళ రొట్టె గురించి చదివి చెప్పాను. పిండి పులియబెట్టి, పెనం మీద పలుచగా పోసి... "దోసె మాదిరుండాదే" అని నాయన అడ్డు తగిలాడు. "వద్దు వద్దు, వచ్చేస్తాడు." చివరికి రష్యా వైపు చేసే బీట్‌రూట్ చారు ఖాయం చేశాం. అంత చలి దేశంలో మామ ఉండలేడని నాయన నమ్మకం.

ఆ రోజు నేను పొయ్యి రాజేసి బయటికి వచ్చేసరికి, పుట్టి బుద్ధెరిగి వంటింటి ముఖం చూడని మా నాయన పెరట్లో కత్తిపీట ముందు గొంతుకూర్చుని బీట్‌రూట్ తరుగుతున్నాడు. చేతులు మణికట్టు దాకా ఎర్రగా అయిపోయాయి, పంచె మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. చారు ఇంకా పొయ్యి మీదికి కూడా ఎక్కలేదు, ఆకు వేయలేదు, ఎవరూ పిలవలేదు. అయినా కాకులు ఒక్కొక్కటిగా వచ్చి ఆయన తల వెనక గోడ మీద కూర్చుంటున్నాయి.

"పాపా, ఇంకా సన్నగా తరగల్నా?" అని అడిగాడు నాయన. తల మాత్రం ఎత్తలేదు.